బొమ్మయా, నమూనాయా? – కొయ్య ఓడల కళపై కొన్ని మాటలు

మన ఇండ్లలో ముందుగదిలోని అద్దాల బీరువాలో, కొండపల్లి బొమ్మల సరసన, అప్పుడప్పుడొక కొయ్య ఓడ కనిపించుచుండును. మూడు తెరచాప కొయ్యలు, వానికి అల్లిబిల్లిగా దారములు, ప్రక్కల వరుసగా ఫిరంగి కన్నములు. దానిని చేసినవాడు ఆ యింటి యజమానియే. పగలెల్ల కచేరీలోనో కర్మాగారములోనో పని చూచుకొని, రాత్రి భోజనమైన పిదప దీపము ముందు కూర్చుండి, రెండు మూడేండ్లు శ్రమించి దానిని ముగించియుండును. వచ్చిన చుట్టములు చూచి "ఎంత ముద్దుగా నున్నది!" అని మెచ్చుకొందురు. అంతటితో ఆ ఓడ కథ ముగియును.

పద్యము విన్నపుడు మనము అంతటితో నూరకుండము. యతి కుదిరినదా, పదము పొసగినదా, ఔచిత్యము కలదా యని విచారింతుము. నాటకమునకు విమర్శ కలదు, చిత్రమునకు కలదు, తీరికవేళల చేతిపనికి మాత్రము మెప్పే గాని విమర్శ లేదు. మూడేండ్ల శ్రమకు ఒక్క "ముద్దుగా నున్నది" అను మాట చాలునా? ఆ శ్రమను గౌరవించుట యన్న, దాని గుణదోషములను విచారించుటయే యని నా యభిప్రాయము. ఆ విచారణ మన సంగతుల వరకును వచ్చును గనుక ఈ సంచికలో దానికి చోటుండుట తగునని తలచితిని.

మొదట ఒక భేదము చెప్పుకొనవలెను. బొమ్మ వేరు, నమూనా వేరు. పోలిపాడ్యమినాడు మన ఆడువారు అరటిదొప్పలో దీపము వెలిగించి నీట విడుతురు. అది నావయే. దానికి చుక్కాని లేదు, తెరచాప లేదు. అయినను పోలి స్వర్గమునకు పోయిన కథను తలపించునది అట్టి నావయే గదా! ఒరిస్సాలో నున్న మనవారు కార్తీక పూర్ణిమనాడు బొయితబందాణము చూచినవారే. పూర్వము సముద్రము దాటి వర్తకమునకు పోయిన సాధవుల స్మృతికై అరటి బోదెలతో, కాగితముతో, బెండుతో చిన్న ఓడలు చేసి తెల్లవారుజామున నీట వదలుదురు. ఇవి బొమ్మలు. భావమునకు రూపమిచ్చుటయే వీని ధర్మము. వీనిని కొలబద్దతో కొలుచుట అవివేకము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెములపై వేయించిన రెండు కొయ్యల ఓడయు అట్టిదే. అందు పలకలెన్నియో లెక్కింప నెవ్వరును పూనుకొనరు. ఆ రాజునకు సముద్రముతో సంబంధము కలదని అది చెప్పును; అది చాలును.

నమూనా యట్లు గాదు. అది ఒక నిజమైన ఓడను గూర్చి సాక్ష్యము చెప్పవలసినది. సాక్షి అందముగా మాటలాడిన మంచిదే, కాని అబద్ధమాడరాదు. బీరువాలోని ఓడకు క్రింద ఒక పేరు చెక్కి "ఇది ఫలానా ఓడ" అని వ్రాసిన క్షణముననే అది బొమ్మల పంక్తి విడిచి సాక్షుల పంక్తిలో నిలుచుచున్నది. పిదప దానిని విమర్శింప మనకు హక్కు కలదు.

ఈ సాక్ష్యపు మాట క్రొత్తది గాదు. పదునేడవ శతాబ్దపు నడుమ నుండి ఇంగ్లండులో నౌకాదళపు యుద్ధనౌకలకు కొయ్య నమూనాలు చేయు ఆచారము బలపడినది. వానిని నేవీ బోర్డు నమూనాలందురు. పావు అంగుళమునకు ఒక అడుగు, అనగా 48వ వంతు, వాని సామాన్య ప్రమాణము. వానియందొక విశేషము కలదు. ఓడ పైభాగమునకు పలకలు తొడిగి, చెక్కడములు చేసి, బంగారుపూత పూసి, నీటిలో మునుగు క్రిందిభాగమును మాత్రము పలకలు లేకుండ విడిచెడివారు. ఓడ ప్రక్కటెముకలన్నియు బయటికి కనిపించుచుండును. 1662లో సామ్యుయేల్ పీప్స్ అను ఉద్యోగి, నౌకాశాఖలో పని చేయుచు ఓడ భాగముల పేర్లెరుగనని సిగ్గుపడి, ఒక నావికుని పిలిపించుకొని ఓడ నమూనాను ఎదుట పెట్టుకొని పాఠము చెప్పించుకొన్న సంగతి అతని దినచర్యలో కలదు. నమూనా గురువు కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఈనాడు అట్టి నమూనాలు గ్రీనిచ్‌లోని నౌకాప్రదర్శనశాలలోను, అమెరికాలోని అనాపొలిస్‌లోను భద్రముగా నున్నవి.

అయితే ఈ గురువులును దోషరహితులు గారు. కనిపించుచున్న ఆ ప్రక్కటెముకల అమరిక నిజపు ఓడలోని అమరిక గాదు. కన్నులకు ఇంపుగా, క్రమముగా నుండుటకై వానిని ఒక సంప్రదాయము ప్రకారము అమర్చెడివారు. ఓడ రూపురేఖల విషయమున ఆ నమూనా సత్యము. ఎముకల విషయమున అలంకారము. ఇది తెలిసి చూచినవానికి నష్టము లేదు. తెలియక నమ్మినవాడు మోసపోవును. కాబట్టి ఏ నమూనా ఎదుట నిలిచినను మనము వేయవలసిన మొదటి ప్రశ్న యిది: ఇందు ఏది చూచి చేసినది, ఏది ఊహించి చేసినది?

దీనికి పూర్తిగా భిన్నమైన మరియొక కుదురు కలదు. నెపోలియన్ కాలపు యుద్ధములలో ఇంగ్లండున చెరబడిన ఫ్రెంచి ఖైదీలు, 1797లో తెరచిన నార్మన్ క్రాస్ మొదలగు చెరసాలలలో, తమకు పెట్టిన మాంసపు తునకలలోని ఎముకలను ఏరి, ఉడికించి, తెల్లగా చేసి, వానిని సన్నని పలకలుగా కోసి, కొయ్యదిమ్మెపై ఇత్తడి చీలలతో బిగించి ఓడలు చేసిరి. తెరచాపల త్రాళ్లకు వెండ్రుకలను వాడినవియు కలవు. చెరసాల వాకిట జరుగు సంతలో వానినమ్మి నాలుగు కాసులు సంపాదించిరి. ఈ ఓడలను చూచి కన్నీరు పెట్టనివాడు రాతిగుండెవాడు. కాని విమర్శకుని దృష్టితో చూచినచో, వీనిలో కొయ్యలు మితిమించి పొడవు, ఫిరంగులు పెద్దవి, ఓడ పేరు పలుమారు కొనువాని ప్రీతికై చెక్కినది. ఖైదీకి ఓడ పటములు లేవు. జ్ఞాపకము మాత్రమే కలదు. జ్ఞాపకము తనకు ప్రియమైనదానిని పెద్దదిగా చేసి చూపును. ఆ ఓడలు ఓడలను గూర్చి అంత నమ్మదగిన సాక్షులు గావు. చేసిన మనుష్యులను గూర్చి మాత్రము గొప్ప సాక్షులు. ఒక వస్తువు దేనికి సాక్షియో తెలిసికొని దానిని మెచ్చుకొనవలెను.

ఇక మన కాలపు అభిరుచిని చూతము. పదుగురు చేయు ఓడ విక్టరీ. 1765లో నీట దిగినది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున నెల్సన్ ప్రాణము విడిచినది దానిమీదనే. 1922 నుండి పోర్ట్‌స్‌మౌత్‌లో ఎండురేవున నిలిచియున్నది. లాంగ్‌రిడ్జ్ అను నాతడు దానిని 48వ వంతున చేసి, ఆ చేయుటలో తెలిసికొన్న సంగతులనన్నిటిని 1955లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించెను. నేటికిని ఆ గ్రంథమును ముందు పెట్టుకొనియే పెక్కుమంది పని సాగింతురు. తీరికవేళల పని విద్యగా పరిణమించుట యన నిదియే. అతడు ఓడను చేసినది బీరువా నింపుటకు గాదు, తెలిసికొనుటకు. తెలిసికొన్నదానిని పదిమందికి పంచెను.

ఆ ప్రమాణముననే ఒక లెక్క వేసి చూతము. విక్టరీ ఫిరంగి అంతస్తు పొడవు 186 అడుగులు. 48వ వంతున అది 46న్నర అంగుళములగును. అయిదున్నర అడుగుల నావికుడు ఒకటింపావు అంగుళముకంటె కొంచె మెక్కువ యుండును. అంగుళము మందము గల మోకు అర మిల్లీమీటరు దారమగును. ఇపుడు బజారులో అమ్ము నమూనాను తీసికొని ఆ ఒకటింపావు అంగుళపు మనిషిని మనసులో ఓడపై నిలబెట్టి చూడుడు. అతడా నిచ్చెనత్రాడు ఎక్కగలడా? ఆ తలుపున దూరగలడా? ఆ మోకు అతని పిడికిట ఇముడునా? అనేక నమూనాలలో మోకు వాని తొడ యంత లావుండును. చూచువాడు దోషమేదో చెప్పలేడు గాని, ఓడ ఏలనో ఓడగా తోపదు, ఆటవస్తువుగా తోచును. కారణ మీ దారమే.

రెండవది కొయ్య. ఓడను 48వ వంతు చేయవచ్చును గాని కొయ్యలోని నారను 48వ వంతు చేయలేము. నిజపు ఓడను టేకుతో కట్టిరి గదా యని నమూనాను టేకుతో చేసినచో, ఆ నార యొక్కొక్కటి పలకపై కాలువవలె కనిపించును. అందుచేతనే పాశ్చాత్యులు నార కనబడని బాక్సు చెట్టు కొయ్యను, పియరు చెట్టు కొయ్యను వెదకి వాడిరి. మనకును అట్టి కొయ్య లేకపోలేదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడు అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా, నార కనబడకుండ నుండును. కర్ణాటకమున చెన్నపట్టణపు బొమ్మలు చేయువారు హాలె మర మనుచు వాడునది ఆ చెట్టే. బెంగుళూరున నున్న తెలుగువాడు ఓడ చేయదలచినచో విదేశపు కొయ్యకై వెదకవలసిన పని లేదు. మైసూరు త్రోవలోనే దొరకును.

మూడవది పెట్టెలో వచ్చు కిట్లు. వీనిని తేలికగా నిందించుట న్యాయము గాదు. ఎందరికో ఈ కళలో అక్షరాభ్యాసము చేయించినవి అవియే. యంత్రము కోసి యిచ్చిన అడ్డుపలకలను అడుగుదూలమునకు గ్రుచ్చి, వానిపై సన్నని పలకలను తొడుగుచు పోవుటలో ఓపిక, చేతినేర్పు అలవడును. కాని అక్షరాభ్యాసపు పలకను జీవితాంతము దిద్దుచు కూర్చుండువాడు పండితుడు గాడు. కొలంబసు ప్రయాణము చేసిన సాంటా మరియా 1492 డిసెంబరు 25న హిస్పానియోలా తీరమున నేలకు తగిలి పాడైనది. దాని పటము ఒక్కటియు నిలువలేదు. అయినను సాంటా మరియా కిట్లు లోకమంతట అమ్ముడగుచునే యున్నవి. చేయుట తప్పుగాదు; "ఇది ఊహ" అని చెప్పకుండుటయే తప్పు. అమెరికాలో ఆగస్ట్ క్రాబ్‌ట్రీ అను శిల్పి, తన పనిముట్లను తానే చేసికొని, జీవితములో పెద్దభాగము వెచ్చించి చేసిన 16 ఓడలు న్యూపోర్ట్ న్యూస్ పట్టణపు ప్రదర్శనశాలలో నున్నవి. ఒక్కొక్క చెక్కడమును చేతితో చెక్కినవాడతడు. పోతపోసిన లోహపు బొమ్మలను అంటించినవారికిని అతనికిని గల భేదము, కంఠస్థము చేసినవానికిని కవికిని గల భేదమే.

ఇంతవరకు పరదేశపు ఓడల మాట. ఇక ఇంటికి వత్తము.

కొన్నేండ్ల క్రిందట ఒక మిత్రుని యింట మసూలా పడవ నమూనాను చూచితిని. పరదేశపు ఓడలు విడిచి మన తీరపు పడవకు పూనుకొన్నాడని సంతోషించి, నేనును చుట్టములవలెనే "చాల బాగున్నది" అంటిని. అక్కడనే చిన్ననాట అట్టి పడవపై తెడ్డు వేసిన వృద్ధుడొకడు కూర్చుండియుండెను. అతడు పడవలోనికి వ్రేలు పెట్టి తడవి చూచి, "బాబుగారూ, దీనికి లోపల ఎముకలెందుకు పెట్టినారు?" అని అడిగెను. మిత్రుడు నిరుత్తరుడయ్యెను. నేను సిగ్గుపడితిని.

అతడడిగినది కిట్టు పద్ధతికంతకును ప్రశ్న. మసూలా పడవకు ప్రక్కటెముకలు లేవు. పలకల అంచులకు బెజ్జములు వేసి, సందులపై గడ్డి మెత్త పరచి, కొబ్బరినారతో పలకను పలకకు కుట్టుదురు. ఇనుప మేకు ఉండదు. రేవు లేని చెన్నపట్టణపు తీరమున ఓడల నుండి సరకులను, మనుష్యులను కెరటములమీదుగా ఒడ్డునకు చేర్చినవి ఈ పడవలే. కెరటము ఇసుకకు కొట్టినపుడు ఎముకలు గల పాశ్చాత్యుల పడవ పగులును. ఇది వంగి, సాగి, మరల తన రూపు దాల్చును. ఎముక లేకుండుటయే దాని బలము. ముందు అస్థిపంజరము నిలిపి పిదప పలకలు తొడుగు పద్ధతితో దానిని చేసినవాడు, ఎంత నేర్పుతో చేసినను, ఆ పడవ ప్రాణమును తీసివేసినవాడగును. బయట చూపునకు మసూలా, లోపల విక్టరీ.

ఆ మిత్రుడు నొచ్చుకొనలేదు. పడవను విప్పివేసెను. మరునాడే ఆ వృద్ధుని కడకు పోయి కుట్టు నేర్చుకొనెను. రెండవ పడవ మొదటిదానియంత నున్నగా లేదు. కుట్టు కొన్నిచోట్ల వంకర. కాని ప్రక్కలను రెండు వ్రేళ్లతో నొక్కిన వంగును, విడిచిన లేచును. నా దృష్టిలో నేను చూచిన నమూనాలలో మేలైనది అది.

మన తీరపు ఓడలకు సాక్ష్యము చెప్పినవారు ఎక్కువగా పరాయివారగుట గమనింపదగిన సంగతి. ట్రింకోమలీ నౌకాశాలలో పనిచేసిన జాన్ ఎడై అను ఆంగ్లేయుడు 1834లో కోరమాండల్ దోనెను వర్ణించెను. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అడుగు చదును, ఒకటే కొయ్య అని కొలతలిచ్చెను. ఆ దోనెయన్న అతనికి మంచి యభిప్రాయము లేదు, మోటుదని ఈసడించెను. అయినను కొలిచెను. మనము మెచ్చుకొని కొలువలేదు. అతడు నిందించి కొలిచెను. ఈనాడు దోనెను మరల చేయదలచినవానికి మన మెప్పుకంటె అతని కొలతలే అక్కరకు వచ్చును. ఫ్రెంచి నావికుడు పారిస్ 1826 నుండి 1840 వరకు మూడుమారులు భూమిని చుట్టివచ్చుచు, ఆగిన రేవులనెల్ల అక్కడివారి పడవలను కొలిచి పటములు వ్రాసికొని పెద్ద గ్రంథము ప్రకటించెను. కోరమాండల్ తీరపు కుట్టుపడవలు, కట్టుమరములు అందు కలవు. 1871లో పారిసు నగరపు నౌకాప్రదర్శనశాలకు అధికారియై, ఆ పటముల ననుసరించి నమూనాలు చేయించెను. జేమ్స్ హార్నెల్ మదరాసు చేపల శాఖలో పనిచేయుచు 1920లో హిందూదేశపు పడవల తీరుతెన్నులపై గ్రంథము వ్రాసెను. వీరిలో తెలుగువాడొక్కడును లేడు.

యానాం సోదరులకు కోరంగిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. వారి ఊరి సమీపముననే ఓడలు కట్టిన రేవది. 1839 నాటి ఉప్పెనలో ఘోరముగా నష్టపోయినది. పిదప ఇసుక మేటలు వేసి రేవు అణగినది. బర్మా పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచిరనగా ఆ రేవు ఎందరిని సాగనంపినదో ఊహింపవచ్చును. తాళ్లరేవు వడ్రంగులు అటుపిమ్మటను కొయ్య ఓడలు కట్టుచు వచ్చిరి. వారి విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినదే గాని కాగితముపై నిలిచినది తక్కువ. బొంబాయిలో నున్న మనవారికి వేరొక ఉదాహరణము కలదు. అక్కడి వాడియా వంశపు పార్శీ వడ్రంగులు మలబారు టేకుతో కట్టి 1817లో నీట దింపిన ట్రింకోమలీ అను యుద్ధనౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నిలిచియున్నది. దాని పటములను తెచ్చుచున్న జావా అను ఓడ 1812లో యుద్ధమున నాశనమైనందున రెండవమారు పటములు పంపవలసివచ్చెను. పటము పోయిన మరల వ్రాసి పంపువారుండిరి గనుక ఆ ఓడ పుట్టినది. కోరంగి దోనెకు పటమే వడ్రంగి చేయి. ఆ చేయి పోయిన పిదప మరల పంపువా రెవరు?

కాబట్టియే నేను ఈ తీరికపనిని తేలికగా చూడలేకున్నాను. రాష్ట్రము విడిచి తరములు గడచిన మన కుటుంబములలో ప్రతి యొక్కటియు ఒక విధముగా నమూనా చేయుచునే యున్నది. తాతలనాటి ఊరును, భాషను, పండుగను చిన్నదిగా చేసి ఇంట నిలుపుకొనుచున్నాము. ఉగాదినాడు పిల్లలచేత ఒక పద్యము చెప్పింతుము; అందరము చప్పట్లు కొట్టుదుము; మరునాటి నుండి ఆ పిల్లవాడు తెలుగున ఉత్తరము వ్రాయలేడు. బయట పలక మెరయుచున్నది. లోపలి కట్టు మనది గాదు. దీనిని నింద యనుకొనవలదు. ఆ వృద్ధుని ప్రశ్నను మనలను మనమే వేసికొనవలెనని మాత్రమే నా మనవి.

చేయదగిన పని చిన్నది. ఈ సంచిక చదువువారిలో ఓడలు చేయు అభిరుచి గలవారుందురు. తరువాతి ఓడకు పూనుకొనునపుడు, పెట్టె తెరచుటకు ముందు, తీరమునకు పోయి ఒక పాతపడవను కొలువుడు. దాని పలకలెన్ని, సందులు ఎట్లు మూసిరి, ఏ భాగమునకు ఏ పేరు అని నడపినవానిని అడిగి తెలుగున వ్రాసికొనుడు. చూచినది ఏదో, ఊహించినది ఏదో వేరుచేసి ఒక చీటిపై వ్రాసి పడవ అడుగున అంటింపుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. చుక్కాని, లంగరు, తెడ్డు అను మాటలు వారికి పుస్తకములో కంటె చేతిలో త్వరగా వచ్చును. పని వంకరగా వచ్చిన చింతలేదు.

అట్టి పడవ ఒకటి మీ బీరువాలో నున్నదని తెలిసినచో నేను తప్పక వచ్చి చూచెదను. ఈమారు "చాల బాగున్నది" అనుటకు ముందు లోపల వ్రేలు పెట్టి తడవి చూచెదను.